నక్క గుమ్మంలో కూడలి

అడవికి ఈ చివర ఒక గుంట. ముళ్లపొదలు దాటితే తాగడానికి పనికిరాని చవిటినీళ్ల వాగు, వాగు వెంట పోతే పెద్ద మంచినీటి చెరువు. ఏటా ఎండలు ముదరగానే గుంట అడుగంటేది. కాళ్లలో బలమున్నవాళ్లు పొదల్లో పడి, ఒళ్లంతా గీరుకుపోయినా, ఎలాగో చెరువు చేరేవాళ్లు. ఈసారి మైలయ్య అనే ఎద్దుకు దిగులు పట్టుకుంది. తనతో ఒకే కాడి కింద నడిచిన కర్రెయ్యకు గిట్ట చీలింది. పొదల్లో నడవలేడు. ఇక్కడే ఉంటే దాహంతో పోతాడు.

అప్పుడే నక్క అందరినీ గుంట గట్టు మీదికి పిలిచింది. ఇసుకలో తోకతో గీతలు గీసింది.

"ఇది నేల దారి. ఇది నీటి దారి. ఇది కోతులు పోయే కొమ్మల దారి. మూడూ కలిసేచోటు కూడలి. ముందుచూపుతో వేసిన ప్రణాళిక ఇది. నిధి కావాలి. ఎవరి వంతు వాళ్లు తెచ్చి వాగు ఒడ్డున నా బొరియ ముందు పెట్టండి."

గీతల్లో ఏది దారో, ఏది తోక జారిన గుర్తో మైలయ్యకు తెలియలేదు. "నక్కయ్యగారూ, ఈ ఎండాకాలానికి అవుతుందాండీ?"

"ఇంత దగ్గరగా ఆలోచిస్తే ఎలాగోయ్. ఇది నీ మనవల కోసం."

"నేను ఎద్దునండీ. నాకు మనవలుండరు."

"అయితే కర్రెయ్య మనవల కోసం."

"వాడూ ఎద్దేనండీ."

నక్క దగ్గి, మాట మార్చింది.

"వంతులు మీరే వచ్చి తీసుకెళ్లొచ్చు కదా?" అంది నీటికుక్క గంగులు.

"ప్రణాళిక వేసే బుర్ర మూటలు మోస్తే పాడైపోతుంది. మోయించుకోవాలంతే."

మైలయ్య రోజూ పొదల్లోంచి గడ్డిమోపు ఈడ్చుకెళ్లాడు. ఆ గడ్డి నక్కకు పరుపైంది. గంగులు చెరువు నుంచి చేపలు తెచ్చేది. ఇంకా ఎక్కువ రావాలని నక్క ఆమెచేత దుంగలతో పెద్ద తెప్ప కట్టించింది. కోతి కొమ్మల మీదుగా పళ్లు తెచ్చింది.

"పని మొదలైందాండీ?" అని మైలయ్య అడిగేవాడు.

"అధ్యయనం జరుగుతోంది."

"ఎవరు చేస్తున్నారండీ?"

"నేనే. నిద్రలో కూడా." నక్క పరుపు మీద అటు తిరిగి పడుకునేది.

ఒకనాడు గుంట పూర్తిగా ఎండిపోయింది. మైలయ్య మోపు వదిలేసి, బొరియ ముందు చేపలు దించుతున్న గంగులు దగ్గర ఏడ్చేశాడు. "కర్రెయ్య బురద నాకుతున్నాడు గంగులమ్మా. దారి ఎప్పుడొస్తుందో తెలియడం లేదు."

"నువ్వు రోజూ ఎలా వస్తున్నావు?"

"నడిచి."

"ముళ్లు గుచ్చుకోవా?"

"మొదట్లో గుచ్చుకునేవి. మోపులు ఈడ్చి ఈడ్చి పొదలన్నీ పోయాయి. ఇప్పుడు నేలంతా చదునే."

"నా తెప్ప ఎక్కడ ఆగుతుంది?"

"ఇక్కడే, నక్కగారి గుమ్మంలో."

"నేను దిగేదీ ఇక్కడే" అంది పైనుంచి కోతి.

"అయితే?" అన్నాడు మైలయ్య. అతనికి ఇంకా అర్థం కాలేదు.

"అయితే వెళ్లి కర్రెయ్యను తీసుకురావయ్యా" అంది గంగులు.

కుంటుకుంటూనే కర్రెయ్య చదును నేల మీద వాగుదాకా వచ్చాడు. తెప్ప ఎక్కాడు. పొద్దు వాలేలోపు చెరువులో మూతి పెట్టి, తల ఎత్తకుండా తాగాడు. అది చూసి మైలయ్య గుండె కుదుటపడింది.

మర్నాటినుంచి అడవి అడవంతా అటే. తొక్కిడికి బొరియ మూతి కూలింది.

"ఇది నా ఇల్లు" అని నక్క అరిచింది.

"మూడు దారులు కలిసేచోటు కూడలి అని చెప్పింది మీరే కదండీ" అంది గంగులు.

నక్క పరుపు నోట కరుచుకుని దుమ్ములో నిలబడింది. అంతలో మైలయ్య కొత్త మోపు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"నక్కయ్యగారూ, ఇక్కడంతా జనంగా ఉంది. మా వంతు ఎక్కడ పెట్టమంటారు? ఇంతకీ ప్రణాళిక పని ఎప్పుడు మొదలవుతుందండీ?"



నీతి: అందరిచేతా తన గుమ్మానికి మోయించుకున్నవాడి గుమ్మమే ఆఖరికి అందరికీ దారవుతుంది.