పదకొండో వరుస దాకా

ఊ కొట్టేవాళ్ళుంటే చెప్తాను, లేకుంటే ఈ కతను మళ్ళీ మూటగట్టుకుని నా దారిన నేను పోతాను. కొట్టారు కదా? అయితే వినండి.

అనగా అనగా, మన తాతల తాతలకు పాలపళ్ళు ఊడని కాలంలో, బండమీదపల్లె అని ఒక ఊరుండేది. ఊరికి పడమట పెద్ద నల్లబండ. వందమంది కూర్చున్నా ఇంకా చోటు మిగిలేది. ఆ బండే ఊరి బడి, ఆ బండే పిల్లల పలక. సుద్దముక్కతో బండ మీదే లెక్కలు చేసేవాళ్ళు. వానొస్తే సెలవు. ఆ సీమలో వాన ఏపాటి వస్తుందో మీకు తెలుసు కాబట్టి, సెలవులెన్నో మీరే లెక్కేసుకోండి.

ఆ బడికి అయ్యవారు కదిరప్ప. పొట్టి మనిషి, బక్క మనిషి. ఉన్నవి రెండు పంచెలు. ఎక్కాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. చిన్నపిల్లలకు కూడికలు ఎవరైనా నేర్పుతారు. మీసాలు మొలిచే వయసు పిల్లలకు పెద్ద లెక్కలు నేర్పడమే కష్టం. చాలామంది అక్కడే జారిపోతారు, జారినవాళ్ళు ఇక బడి ముఖం చూడరు. కదిరప్ప నేర్పేది ఆ వయసువాళ్ళకే.

పిల్లలు లెక్క చేసి లేచి నిలబడితే అయ్యవారు వచ్చి ఆఖరి వరుస చూసేవాడు. పై వరుసలు చూసేవాడు కాదు. ఆఖరిది సరిపోతే తల ఊపేవాడు. సరిపోకపోతే మూడు మాటలు అనేవాడు.

"తప్పు. చెరుపు. చెయ్యి చాపు."

తడిగుడ్డతో లెక్కంతా తుడిచేవాడు. చింతబరికెతో మూడు దెబ్బలు వేసేవాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఆయనకూ అట్లాగే నేర్పారు. దండం దశగుణం అని పెద్దలన్నారు కదా, ఆ మాటను ఆయన పట్టుకున్నాడు, అంతే.

ఆ బడిలో ఓబులేసు అని గొర్రెల కాపరి కొడుకు ఉండేవాడు. పద్నాలుగేళ్ళవాడు, అందరికంటే పొడుగు, అందరికంటే నెమ్మది. వాడి నాయన వాణ్ణి బండ దగ్గరికి తెచ్చి అప్పగించినప్పుడు ఇట్లా అన్నాడు.

"కండ్లు రెండూ ఇడిసిపెట్టి తోలంతా వొలిసినా నేను అడగను అయ్యోరా. ఈ ఏడు పెద్దలెక్క వచ్చెనా, సదువుకోనీ. రాకపోయెనా, గొర్రెల ఎంబడి తోలకపోతా."

ఏడాది ముగిసే నాటికి పెద్దలెక్క రానే వచ్చింది. అది గింజల లెక్క. ఒక గింజ వేస్తే మూడు గింజలు పండాయి. ఆ మూడూ వేస్తే తొమ్మిది. ఆ తొమ్మిదీ వేస్తే ఇరవై ఏడు. ఇట్లా పన్నెండు పంటలకు ఎన్ని గింజలు? గింజకు మూడేనా అని నవ్వకండి, ఆ మెట్టనేలలో మూడు పండితే పండగే.

ఓబులేసు పొద్దు పొడిచినప్పుడు మొదలుపెట్టాడు. ఎండ నడినెత్తికొచ్చేదాకా బండ మీద వంగే ఉన్నాడు. ఒక్కో పంటకు ఒక్కో వరుస, పన్నెండు వరుసలు రాశాడు. చెమట కారి సుద్ద మీద పడితే చొక్కా అంచుతో అద్దుకున్నాడు. లేచి నిలబడినప్పుడు వాడి ముఖం వెలిగిపోతోంది.

కదిరప్ప వచ్చాడు. ఆఖరి వరుస చూశాడు. ఐదు లక్షల ముప్ఫై ఒక్క వేల మూడు వందల నలభై ఒకటి అని ఉంది.

"తప్పు. చెరుపు. చెయ్యి చాపు."

వాడు చేయి చాపాడు. మూడు దెబ్బలూ తిన్నాడు, ఏడవలేదు. తడిగుడ్డ పన్నెండు వరుసల మీదా పోతుంటే మాత్రం నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఓబులేసు రాలేదు. రెండోనాడు రాలేదు. మూడోనాడూ రాలేదు.

మూడోనాడు కదిరప్ప బండ వెనకవైపు నీడకు పోయి కూర్చున్నాడు. అక్కడ రాతి మీద తెల్లగా గీతలు కనిపించాయి. సుద్ద కాదు. పలుగురాయితో గట్టిగా గీకిన అంకెలు, తడిగుడ్డకు పోనివి. వాడు పోయేముందు తన లెక్కను మళ్ళీ మొదటినుంచీ రాసుకున్నాడు. తప్పు ఎక్కడుందో వెతుక్కున్నట్టున్నాడు. దొరకలేదు పాపం.

ఆ రోజు కదిరప్ప, బడి పెట్టిన ఇన్నేళ్ళలో మొదటిసారి, ఒక లెక్కను మొదటి వరుస నుంచి చదివాడు. మూడు, సరే. తొమ్మిది, సరే. ఇరవై ఏడు, సరే. వేలు పెట్టి ఒక్కో వరుసా దిగాడు. పదకొండో వరుసలో లక్షా డెబ్భై ఏడు వేల నూట నలభై ఏడు. అదీ సరే. పన్నెండో వరుసలో నాలుగు మూళ్ళు పన్నెండు, రెండు కలిపితే పద్నాలుగు, నాలుగు వేసి చేతిలో ఒకటి. ఆ చేతిలో ఒకటిని పిల్లవాడు మరిచాడు. నాలుగు వందలు ఉండాల్సిన చోట మూడు వందలు పడింది. అంతే. అంతకు మించి ఒక్క పొరపాటూ లేదు.

"పదకొండు వరుసలు సరిగ్గా చేసినాడే! పదకొండూ నేను తుడిపేసినానే!"

పిల్లలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఆయన తల బాదుకున్నాడు.

బయలుదేరాడు. ఆ పదకొండు వరుసలు వాడివని వాడికి చెప్పాలి. వాడు బుర్రలేనివాణ్ణని నమ్మి బతకకూడదు. అదొక్కటే ఆయనకు కావలసింది.

మొదట వాడి గుడిసెకు పోయాడు. పొయ్యి చల్లగా ఉంది, మనుషులు లేరు. రెండోసారి పశువుల సంతకు పోయాడు. మంద కొండ దాటిందన్నారు. మూడోసారి కొండ ఎక్కాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. అవతలి లోయలో మంద కనిపించింది, మంద వెనక పొడుగాటి పిల్లవాడు కనిపించాడు.

"ఓబులేసూ! పదకొండు వరసలు సరిగ్గా చేసినావురా నాయనా!"

ఎదురుగాలి. మాటలన్నీ వెనక్కే పోయాయి. కొండ మీద చేతులూపుతున్న అయ్యవారొక్కడే వాడికి కనిపించాడు. ఇంత దూరం వచ్చాడంటే కొట్టడానికే అనుకున్నాడు. మందను అదిలించి పరిగెత్తాడు. దుమ్ము లేచింది. దుమ్ము అణిగేసరికి లోయలో ఎవరూ లేరు.

కదిరప్ప తిరిగివచ్చి చింతబరికెను విరిచి పొయ్యిలో పెట్టాడు. తడిగుడ్డను తన చెప్పులు తుడుచుకోవడానికి పడేశాడు. వాగులోంచి గుప్పెడు గులకరాళ్ళు ఏరుకొచ్చాడు. ఒక రాయి తీసుకుపోయి ఓబులేసు లెక్కలో పదకొండో వరుస దగ్గర పెట్టాడు.

ఆనాటినుంచి ఆయన నోట మూడు మాటలూ పోయాయి. ఒకటే మాట మిగిలింది.

"యాడదాకా సరిగ్గా వచ్చినావు?"

కుమ్మరోళ్ళ పిల్ల సుంకులమ్మ అని ఉండేది. భాగహారమంటే దానికి చలిజ్వరం. ఒకనాడు లెక్క తప్పింది. అలవాటు కొద్దీ చేయి చాపింది.

"చెయ్యి ఎందుకు మే? యాడదాకా సరిగ్గా వచ్చినావు?"

"నాకేం తెలుసు అయ్యోరా? తప్పంటే తప్పే గదా!"

"కాదు. పైనించి సదువు."

చదివింది. రెండో వరుస దాకా సరిగ్గా ఉంది, మూడోదాంట్లో తప్పింది. కదిరప్ప రెండో వరుస దగ్గర గులకరాయి పెట్టాడు.

"ఇక్కడిదాకా నీది. దీన్ని ఎవురూ తుడపరాదు, నేను కూడా. మిగిలింది రేపు చేస్తువులే."

సుంకులమ్మ ఆ రాయిని చాలాసేపు చూసింది. తనది అనేది ఒకటి ఆ బండ మీద ఉంటుందని ఆ పిల్ల ఎన్నడూ అనుకోలేదు. మరుసటి వారానికి రాయి నాలుగో వరుసకు జరిగింది. ఆ పై వారానికి ఆఖరి వరుసకు చేరింది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పక్క పిల్లల దగ్గర కూర్చుని, చిన్న అయ్యవారిలాగా "యాడదాకా వచ్చినావు?" అని అడగడం మొదలుపెట్టింది.

ఊళ్ళో కొందరు నవ్వారు. "అయ్యోరికి ముసలితనం వచ్చె, బరికె పట్టే ఓపిక ల్యా" అన్నారు. అననీ. ఆ బడిలో పెద్దలెక్కల దగ్గర జారిపోయేవాళ్ళు మాత్రం తగ్గారు. జారినవాళ్ళు కూడా జారిన చోటినుంచే లేచారు, మొదటికి పోలేదు.

అయినా కదిరప్పకు ఒక దిగులు ఉండనే ఉంది. పొద్దున్నే బండ వెనక్కి పోయేవాడు. గాలికి పదకొండో వరుస దగ్గరి రాయి జరిగిపోయి ఉంటే మళ్ళీ అక్కడ పెట్టేవాడు. కొత్త కాపరి ఎవరు ఊళ్ళోకి వచ్చినా "ఓబులేసును చూసినావా?" అని అడిగేవాడు. ఎవరూ చూడలేదు. ఏండ్లు గడిచాయి. జుట్టు నెరిసింది. కళ్ళు మసకబారి, ఆ పైన పూర్తిగా పోయాయి. ఇప్పుడు బడి నడిపేది సుంకులమ్మ. ఆయన బండ మీద కూర్చుని వినేవాడు.

ఒకనాడు ఒక మనిషి పన్నెండేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, బండకు దూరంగా నిలబడిపోయాడు.

"ఎవురు నాయనా? దగ్గిరికి రా" అన్నాడు కదిరప్ప.

"గొర్రెలోణ్ణి. ఈ బడిలో లెక్కలు తుడపరని ఇని వచ్చినా. బిడ్డను ఇడిసిపోదామని."

"మంచిదే. నీకు లెక్కలు వస్తాయా?"

"నాకు బుర్ర లేదు సామీ. మంద కూడా లెక్కబెట్టను, మొగాలు చూసి గుర్తుపడతా. ఒకసారి మూడు గొర్రెపిల్లలు గుంతలో పడి సచ్చేదాకా తక్కువైనట్టే తెలీలేదు."

కదిరప్ప అందరినీ అడిగేదే అతన్నీ అడిగాడు.

"నువ్వు సదివిన పొద్దు యాడదాకా సరిగ్గా వచ్చినావు?"

ఆ మనిషి నవ్వాడు, ఆ నవ్వులో చేదు తప్ప ఏమీ లేదు. "యాడిదాకానా? మొదలంతా తప్పే. గింజల లెక్క. పన్నెండు వరసలూ తడిగుడ్డతో తుడిపేసిరి."

గింజల లెక్క అనగానే కదిరప్ప లేచి, తడుముకుంటూ ఆ మనిషి చేయి పట్టుకున్నాడు. బండ వెనక్కి నడిపించాడు. కళ్ళు లేకపోయినా ఆ దారి ఆయన పాదాలకు తెలుసు. అతని వేలు పట్టుకుని మొదటి వరుస మీద పెట్టాడు. గీతల మీదుగా ఆ వేలిని కిందికి జరిపాడు.

"ఇది సరే. ఇదీ సరే. ఇదీ సరే."

పదకొండుసార్లు అన్నాడు. పదకొండోసారి అతని వేలికి గులకరాయి తగిలింది.

"ఇక్కడిదాకా నీదే, ఓబులేసూ. చేతిలో ఒకటి మరిచినావు, అంతే. ఆ పొద్దు నేను సూడలేదు."

ఓబులేసు ఆ బండ మీద కూలబడ్డాడు. అంత పొడుగు మనిషి, నడివయసువాడు, కూతురు చూస్తుండగా చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కదిరప్ప అతని తల మీద చేయి వేశాడు.

"నాకూ ఒక లెక్క తప్పింది నాయనా. నువ్వే సూసి చెప్పాల. నేను యాడదాకా సరిగ్గా వచ్చినాను?"

ఓబులేసు కళ్ళు తుడుచుకుని కొండ వైపు చూశాడు.

"ఆ పొద్దు కొండ మీదికి వచ్చిరి గదా, అయ్యోరా. ఆడిదాకా సరిగ్గానే వచ్చినారు. పరిగెత్తింది నేను."

అని, నేల మీదున్న గులకరాయి ఒకటి తీసి ముసలాయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

ఆ ఏడు వానలు రాకముందే కదిరప్ప పోయాడు. పోయేటప్పుడు కూడా ఆ రాయి పిడికిట్లోనే ఉంది, తీయబోతే సుంకులమ్మ తీయనివ్వలేదు. సమాధి కట్టిద్దామని ఊరివాళ్ళు అంటే ఆమె ఒప్పుకోలేదు. ఆయన దగ్గర చదివినవాళ్ళంతా తలా ఒక గులకరాయి తెచ్చి, బండ వెనక ఆ లెక్క పక్కన పోశారు. మొదటి రాయి ఓబులేసు కూతురు వేసింది.

ఇదంతా ఎప్పటి మాటో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ చుట్టుపక్కల మూడూళ్ళలో ఇప్పటికీ ఎవరూ పిల్లల లెక్కను పూర్తిగా తుడవరు. ఇంట్లో కోడలు కూర మాడ్చినా, పంచాయితీలో తప్పుచేసినవాడు తలవంచుకుని నిలబడినా, పెద్దలు ముందుగా అడిగేది ఒకటే: "యాడదాకా సరిగ్గా వచ్చినావు?" అది తేలాకే మిగతా మాట. పెద్ద పరీక్షలకు పోయే పిల్లలు పొద్దున్నే బండ వెనక్కి పోయి, పదకొండో వరుస దగ్గర ఒక రాయి పెట్టి మరీ బయలుదేరతారు.

పన్నెండో వరుసను ఇంతవరకు ఎవరూ దిద్దలేదు. మూడు వందలు మూడు వందలుగానే ఉంది. ఎవరికి వాళ్ళు దాని కింద సుద్దతో సరైన అంకె రాసి పోతారు. ఎప్పుడో వానొచ్చి ఆ సుద్దను కడిగేస్తుంది. పై పదకొండు వరుసలు మాత్రం ఎన్ని వానలొచ్చినా చెరగలేదు. నమ్మకపోతే పోయి చూసి రండి, పోతూ పోతూ ఒక గులకరాయి పట్టుకుపోండి.