తెగని కూత

ఉరుసు పోటీల్లో కప్పు పోయిన మర్నాడు ఓబులేసు కోపంతో కుతకుతలాడుతూ ఉస్తాద్ దస్తగిరి ఇంటికొచ్చాడు. అతనికి చెడుగుడు నేర్పింది ఆయనే.

మామూలుగా పోయుంటే ఇంత బాధ లేదు. ఆఖరి కూతకు వెళ్ళినవాడు ఓబులేసే. ఇద్దర్ని తాకి, కాలికి చుట్టుకున్న మూడోవాణ్ణి ఈడ్చుకుంటూ, ఊపిరి పీల్చకుండా గీత దాటాడు. సరిగ్గా అప్పుడే రెఫరీ ఎర్రన్న సారు ఈల ఊదేశాడు. కూత తెగింది, ఔట్ అన్నాడు.

నిజానికి సారుకు వినిపించిన ఊపిరి కాలు పట్టుకున్నవాడిది. ఆట అయ్యాక వాడే నవ్వుకుంటూ చెప్పేశాడు. పాపం, ఎర్రన్న సారు ఆ మాట విన్నవెంటనే ఓబులేసు గడపకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాదే తప్పు నాయనా" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఓబులేసు చేతులు విడిపించుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

ఈ సాయంత్రం పక్కూరివాళ్ళతో ఇంకో పోటీ ఉంది. రెఫరీ ఎర్రన్న సారే. ఆట మొదలయ్యే ముందు ఊరి జట్టు నాయకుడు రెఫరీ మెడలో ఈల వేయడం అక్కడి ఆనవాయితీ. వేయకపోతే ఆయన బరిలో కాలు పెట్టడు. ఆ నాయకుడు ఓబులేసే.

"ఆయప్ప మెడలో నేను ఈల వెయ్యను ఉస్తాద్. ఆట లేకపోయినా సరే."

శెనక్కాయలు ఒలుచుకుంటున్న ఉస్తాద్ లేచి, మడమతో వాకిట్లో గీత గీశాడు.

"కూతకు రా. నన్ను తాకిపో. కూత పెడతానే, ఎర్రన్న నీకు చేసిన అన్యాయం గూడా చెప్పు. ఒగ మాట గూడా విడిచిపెట్టొద్దు."

ముసలాయన్ని తాకడం ఎంతసేపు అనుకున్నాడు ఓబులేసు.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు... ఆ సారు ఉండాడే..."

"తెగింది. ఔట్" అన్నాడు ఉస్తాద్ నోట్లో నాలుగు గింజలు వేసుకుంటూ.

ఈసారి ఓబులేసు తెలివి చూపించాడు.

"చెడుగుడు ఎర్రన్న చెడుగుడు అన్యాయం చెడుగుడు..."

లోపల ఉస్తాద్ భార్య పకపకా నవ్వింది.

"ఔట్."

ఓబులేసుకు రోషం వచ్చింది. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి సారు పేరే ఎత్తలేదు. కానీ సగం దూరంలో ఆ ఈల గుర్తొచ్చి గుండె మండింది, ఊపిరి చాల్లేదు. అక్కడే చతికిలబడి రొప్పుతూ ఉండిపోయాడు.

ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చుని, గుప్పెడు శెనక్కాయలు అతని చేతిలో పోశాడు.

"నిన్న నీ కూత తెగలే ఓబులేసూ. ఈ పొద్దు తెగింది."

సాయంత్రం ఎర్రన్న సారు వచ్చాడు గానీ బరికి ఎడంగా, తల వంచుకుని నిలబడ్డాడు. ఓబులేసు ఆయన దగ్గరికి నడిచివెళ్ళి మెడలో ఈల వేశాడు.

"సార్, ఈసారి కాళ్ళు పట్టుకునేటోళ్ళ మూతులు గూడా రోంత చూడండి."

చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వారు. సారు నవ్వబోయి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి తేరుకుని ఈల ఊదాడు.

ఓబులేసు కూతకు వెళ్ళాడు. బరి పక్కన ఉస్తాద్ ఒళ్ళో శెనక్కాయలు అయిపోయాయి గాని, ఆ కూత తెగలేదు.