కదలని బండిలో

నంద్యాలలో పరాయివాళ్ల కార్లు తోలి తోలి విసిగిపోయిన దస్తగిరమ్మ, ఇక తోలితే సొంత బండే తోలాలని నిశ్చయించుకుంది. ఆపరేషను అయిన రోగులను హైదరాబాదు నుంచి కుదుపు లేకుండా ఇళ్లకు చేర్చడం ఆమె తలపెట్టిన పని. కుట్లు ఆరని ఒక ముసలమ్మ డొక్కు జీపులో గుంత గుంతకూ పళ్లు బిగబట్టడం ఆమె కళ్లారా చూసింది. ఆనాటి నుంచి ఆ పట్టు విడవలేదు.

వెతగ్గా వెతగ్గా కర్నూలులో ఒక కారు దొరికింది. పెట్రోలు ఇంజనుతో పాటు పెద్ద బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు. పొడవైనది, ఖరీదైనది. కొన్నేళ్లు వాడినదైనా అద్దంలా మెరుస్తోంది. దాని యజమాని శేషఫణి, "సాయంత్రంలోగా తేల్చమ్మా, ఇంకొకరు అడుగుతున్నారు" అని తొందరపెట్టాడు. తల్లి చేను అమ్మి ఇచ్చిన సొమ్ము తప్ప దస్తగిరమ్మకు మరో ఆధారం లేదు. ఈ బండి మోసం చేస్తే రెండో బండి మాటే ఉండదు.

గురువు హుస్సేనయ్య స్వామి దీవెన లేనిదే ఆమె ఏ పనీ మొదలుపెట్టదు. శేషఫణిని ఒప్పించి, కారును ఊరిచివర ఆయన కుటీరం ముందుకు తెచ్చి నిలిపింది.

"చూడవలసినవన్నీ చూశాను స్వామీ. సర్వీసు కాగితాలు సరిగ్గా ఉన్నాయి. అడుగున తుప్పు లేదు, గుద్దిన ఆనవాలు లేదు. హైవే మీద దౌడు తీయిస్తే గ్లాసులో నీళ్లు తొణకలేదు. ఇన్నేళ్లు స్టీరింగు పట్టినదాన్ని, బండి గుణం నాకు తెలియదా? మీరు చెయ్యి వేస్తే చాలు."

గురువు చెయ్యి వేయలేదు. వెనక తలుపు తీసుకొని లోపల కూర్చున్నాడు.

"ఉక్కగా ఉంది. చల్లగాలి పెట్టి, నువ్వూ వచ్చి ఇక్కడ కూర్చో."

"నేను వెనకనా స్వామీ?"

ఆయన పక్క సీటు తట్టాడు.

శేషఫణి నవ్వాడు. "ఏం స్వామీ, సినిమాకొచ్చినట్టు కూర్చున్నారే! తోలితే కదా బండి సంగతి తెలిసేది."

"తోలినప్పుడు ఈ పిల్ల చూసింది గదా నాయనా" అని గురువు కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నాక మాట్లాడే ధైర్యం ఎవరికీ చాలదు.

దస్తగిరమ్మ ఏసీ పెట్టి వెనక కూర్చుంది. అది బ్యాటరీ మీదే నడుస్తోంది, ఇంజను నిద్రపోతోంది. ఆ నిశ్శబ్దానికి దస్తగిరమ్మ మనసులోనే మురిసిపోయింది. కాసేపటికి బండి సన్నగా అదిరి ఇంజను లేచింది. బ్యాటరీ నింపుకుంటోంది, మంచిదే అనుకుంది. ఇంజను ఆగింది. ఆమె సర్దుకొని కూర్చునేలోగా మళ్లీ లేచింది. ఆగింది. మళ్లీ లేచింది. ఆమె మోచేతి దగ్గర, సీటు పక్కనున్న జాలీలోంచి బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను ఆయాసపడుతున్నట్టు హోరెత్తుతోంది. హైవే గాలిలో, ముందు సీటులో, ఆ చప్పుడు ఆమె చెవిని పడనే లేదు.

ముందుకు వంగి చూసింది. తెర మీద నిండుగా ఉన్న బ్యాటరీ గుర్తు చూస్తూండగానే అడుగంటింది. ఇంజను లేవగానే అంత తొందరగానూ నిండింది. నిండినది నిలవడం లేదు.

నల్లమల ఘాట్ రోడ్డులో బండి ఆగిపోయి, ఇదే సీటు మీద కుట్లతో పడుకున్న మనిషి ఆమె కళ్ల ముందు మెదిలింది.

తాను దిగి, గురువునూ దింపి, తాళంచెవి శేషఫణి చేతిలో పెట్టింది.

"బ్యాటరీ పని అయిపోవచ్చిందన్నా. కొత్తది వేయించి, పరీక్ష చేయించి చూపిస్తే తీసుకుంటాను. లేకుంటే వద్దు."

"పొద్దున బంగారంలాంటి బండి అన్నావే!"

"అన్నాను. పొద్దున ముందు కూర్చున్నాను."

"సాయంత్రానికి వేరేవాళ్లు ఎత్తుకుపోతారు. తర్వాత ఏడ్చి లాభం లేదు."

"వాళ్లనూ కాసేపు వెనక కూర్చోబెట్టి ఇవ్వన్నా."

శేషఫణి విసురుగా తలుపు వేసుకొని వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా ఆ మెరుపు వైపే చూస్తూ నిలబడింది దస్తగిరమ్మ. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మళ్లీ వెతుకుతాను స్వామీ. దొరికిన బండిని మీ దగ్గరికే తెస్తాను. మీరు చూస్తే దాని లోపం దాగదు."

"నాకు బండ్ల సంగతి ఏం తెలుసమ్మా? నేను ఊరికే కూర్చున్నాను. విన్నది నువ్వు."

దస్తగిరమ్మ ఆయన పాదాలకు దణ్ణం పెట్టి, ఇంకో బండి చూడడానికి ఆ పూటే బయలుదేరింది.