చెవుల మీద రెండు వత్తులు

అనగనగా అనగనగా, రైలు కూత వినిపించే ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక మామ్మ ఉండేది నాన్నా. పత్తి ఏకి, అరచేత్తో నలిపి దీపాలకి వత్తులు చేసేది. ఆవిడ ఎడమ కన్ను కాస్త మెల్ల. పైన లావుపాటి కళ్ళజోడు.

ఆవిడ మనవరాలు నీలకి రెండేళ్ళు. మామ్మ ఆ మెల్లకన్ను సగం మూస్తే నీల కూడా సగం మూసేది. అలా మూసీ మూసీ నిద్రపోయేది. ఇంకెవరు జోకొట్టినా పడుకునేదే కాదు.

అప్పుడు ఖరగ్‌పూర్లో ఉన్న కూతురికి కాన్పు దగ్గరపడిందని ఉత్తరం వచ్చింది. మామ్మ వెళ్ళి ఆరు నెలలు ఉండాలి. గురువారం రైలు.

"నేనొచ్చేసరికి ఇది నన్ను మర్చిపోతుందే," అంది కోడలితో.

"ఫోటో తీయించుకోండత్తా. రోజూ చూపిస్తాను," అంది కోడలు కళావతి.

సోమవారం మామ్మ అప్పలకొండ స్టూడియోకి వెళ్ళింది. అతను రెండు పెద్ద లైట్లు ఆవిడ ముఖం మీదకి తిప్పి, "కదలకు మామ్మా," అని టక్కున నొక్కాడు. సాయంత్రానికి ఫోటో వచ్చింది. కళ్ళుండాల్సిన చోట రెండు తెల్ల బిళ్ళలు. నీల చూసి, "దీపాలు," అంది.

మంగళవారం, "కళ్ళజోడు తీసెయ్యి," అన్నాడు. తీసింది. తీస్తే ఆవిడకి ఎదురుగా ఉన్న అప్పలకొండే ఆనలేదు, ఇంక కెమెరా ఏం ఆనుతుంది. కళ్ళు చికిలించుకుని కూచుంది. ముక్కు మీద జోడు నొక్కులు రెండు. నీల ఆ ఫోటోని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఎవరు?" అంది.

బుధవారం పొద్దున్నే అప్పలకొండ మొదటి ఫోటో తీసుకుని, సన్న కుంచెతో ఆ తెల్ల బిళ్ళల్లో కళ్ళు వేసి పంపాడు. బాదంగింజల్లాంటి చక్కటి కళ్ళు. నీల చూసీ చూడగానే అమ్మ కొంగులో ముఖం దాచేసుకుంది.

మామ్మ ఆ ఫోటో పట్టుకుని మళ్ళీ స్టూడియోకి వెళ్ళింది. గోడల మీద చూస్తే పోస్టుమాస్టరుగారికీ, మిల్లు గుమాస్తాకీ, కళ్ళజోడున్న ప్రతివాళ్ళకీ అవే కళ్ళు.

"ఎవరివయ్యా ఈ కళ్ళు?"

అప్పలకొండ తల గోక్కున్నాడు. "మా ఇంటిదానివి మామ్మా. నాకు అవి తప్ప వేరే కళ్ళు వెయ్యడం చేతకాదు."

మామ్మకి నవ్వొచ్చింది. "నీ పెళ్ళాం కళ్ళు చల్లగా ఉండనీ. నా మనవరాలికి నా కళ్ళు కావాలి నాయనా."

ఇంటికొచ్చి కిటికీ దగ్గర దిగులుగా కూచుంది. ఆ ఏడే కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకుంటోంది మామ్మ. చెయ్యి ఊరుకోక పలక తీసింది. ఎండ పడి పలకంతా తెల్లగా మెరిసింది, ఒక్క అక్షరం లేదు. రోజూలాగే పలకని కాస్త కిందికి వంచింది. మెరుపు జారిపోయింది. నిన్న రాసుకున్న 'నీల' అక్కడే ఉంది.

మామ్మ ఆ పలకనే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత బుట్టలోంచి రెండు లావు వత్తులు తీసుకుని గబగబా స్టూడియోకి నడిచింది.

చెవుల మీద చెరో వత్తీ పెట్టుకుంది. కళ్ళజోడు కాడలు వాటి మీద ఆనించింది. కాడలు పైకి లేచాయి, అద్దాలు కిందికి వంగాయి.

అప్పలకొండ కెమెరాలోంచి చూశాడు. మెరుపు కొంచెం మిగిలింది. లైట్లు పక్కలకి జరిపి, ఎత్తు పెంచాడు. "గడ్డం దించు మామ్మా. ఇంకొంచెం. చాలు."

"కనపడుతోందా నా కన్ను?"

"కనపడుతోంది మామ్మా. నన్ను మాత్రం చూడట్లేదు, తలుపు కేసి చూస్తోంది."

"అయితే అది నాదే. నొక్కు."

ఫోటోలో చెవుల దగ్గర వత్తుల కొసలు తెల్లగా తొంగిచూశాయి. "చెరిపెయ్యనా?" అన్నాడు. "ఉండనీ, అవీ నావే," అంది మామ్మ.

ఆ సాయంత్రం నీల ఫోటోలో ఎడమ కంటి మీద వేలు పెట్టింది. తన కన్ను సగం మూసింది. మర్నాడు మామ్మ నిశ్చింతగా రైలెక్కింది.

ఆరు నెలలు కాస్తా ఏడయ్యాయి. మామ్మ తిరిగొచ్చేసరికి నీల గుమ్మంలో నిలబడి ఉంది. ఎగాదిగా చూసింది. దగ్గరికి రాలేదు. చూసి చూసి లోపలికి పరుగెత్తింది. మామ్మ అరుగు మీద కూలబడింది.

అప్పుడు నీల రెండు వత్తులు పట్టుకొచ్చింది నాన్నా. మామ్మ చెవుల మీద చెరోటీ పెట్టింది. చిన్న చేతులతో కాడలెత్తి వాటి మీద ఆనించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

"ఇప్పుడు మామ్మ," అంది. అని, ఎడమ కన్ను సగం మూసింది.

నువ్వూ ముందు సగమే మూసుకో.

కథ నడిచె కంచికి,
జోడు చేరె గూటికి,
వత్తి వెలుగు ఇంటికి,
కునుకు రానీ కంటికి.