లచ్చన్న తొందర, పోలమ్మ గుమ్మడికాయ

అనగనగా, ఏరు దాటితే గానీ సంతకు దారిలేని ఒక కొండవాడ. ఆ వాడలో ఏడే ఇళ్లు. ఏడో ఇంట్లో లచ్చన్న, అతని భార్య పోలమ్మ కాపురం ఉండేవారు.

లచ్చన్న మంచివాడే. కానీ తొందర మనిషి. కుండ దించకముందే విస్తరి వేసుకుని కూర్చునేవాడు.

మాఘమాసంలో పోలమ్మ గుమ్మడి గింజ నాటింది. పాదుకు పేడ వేసింది, అంట్లు కడిగిన నీళ్లు పోసింది. తీగ చూరు పట్టుకుని ఇంటి కప్పు మీదికి పాకింది. మూడు కాయలు నిలిచాయి.

మొదటి కాయ బిందెంత అయ్యేసరికి, ఇంకా పండకముందే, లచ్చన్న ఆగలేక కోసేశాడు. కూర వండితే నీళ్లు, నీళ్లు. చప్పన.

పోలమ్మ నవ్వింది. "కాయ కాదు మావా, నీ తొందరే ఉడికింది."

రెండో కాయ పండేదాకా ఓపిక పట్టాడు. అయితే కొడవలి వెతికే ఓపిక లేక మెలిపెట్టి లాగాడు. తొడిమ ఊడొచ్చింది. అటక మీద పెడితే పక్షం తిరక్కుండా కుళ్లిపోయింది.

ఈసారి పోలమ్మ నవ్వలేదు. "మావా, వానల్లో మనకు ఇదే తిండి. ఆ ఒక్కటీ ఉండనియ్యి. తొడిమ ఎండాలి, తొక్కలో గోరు దిగకూడదు. అప్పుడు కొయ్యి."

లచ్చన్న సిగ్గుపడ్డాడు. రోజూ నిచ్చెన ఎక్కేవాడు, కాయను నిమిరేవాడు, దిగి వచ్చేసేవాడు. చివరికి తొడిమ ఎండింది. నాలుగు వేళ్ల తొడిమ ఉంచి కోసి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు దించాడు. ఇద్దరూ కలిసి అటకెక్కించారు.

శ్రావణంలో ఏరు పొంగింది. ఇరవై రోజులు సంత లేదు. ఇళ్లలో దాచిన తిండిగింజలకు బూజు పట్టింది. వాడలో పిల్లలు ఆకలికి ఏడ్చారు.

"దించు మావా," అంది పోలమ్మ.

కాయ కోస్తే లోపల పసుపుముద్దలా ఉంది. పెద్ద కుండలో పులుసు కాచి ఏడిళ్లవారినీ పిలిచారు. పొదుపుగా వండుకుంటే మూడు రోజులు వచ్చింది.

మూడో రోజు పక్కింటి అప్పల తాత ఆశగా అడిగాడు. "ఒరే లచ్చన్నా, ఆ గింజలు కూడా వేయించరా. ఈ పూట గడుస్తుంది."

"వద్దు తాతా. కావాలంటే నా ముక్క తిను. గింజలు మాత్రం ఆగాలి," అన్నాడు లచ్చన్న, తన ఆకు తాత ముందుకు జరుపుతూ.

పోలమ్మ ఆ మాట విని అతని పక్కన కూర్చుంది. తరవాత తన ముక్కను రెండు చేసి, సగం అతని చేతిలో పెట్టింది.

మర్నాడు ఏటి వరద తీసింది. లచ్చన్న గింజలు కడిగి, బూడిద రాసి, ఎండబెట్టి, ఇంటికో గుప్పెడు పంచాడు. మరుసటి ఏడాది ఏడు కప్పుల మీదా గుమ్మడి పూసింది.

తొందరపడ్డ చేయి కాయను పాడుచేస్తుంది. ఓర్చుకున్న చేయి ఊరికి అన్నం పెడుతుంది.