సన్నాసప్పకి ఇనబడిందా?

అనగనగా, మనిషి గొంతు ఎంత దూరం పోతే ఊరూ అంతే ఉండే కాలంలో, కొండ కింద ఒక పల్లె. ఈ కథ చెప్పేవాడి గొంతు సొంతింట్లో వంటగది దాకా కూడా పోదని వాడి ఇల్లాలే చెబుతుంది. అలాంటివాడు మైకు గురించి చెప్పడానికి కూర్చున్నాడు. ఏం చేస్తాం, వినండి.

ఆ పల్లెలో సన్నాసమ్మ అనే ముసలమ్మ ఉండేది. చిన్నవాళ్ళంతా సన్నాసప్ప అనేవారు. ఏటేటా అమ్మోరి పండక్కి, తీగ లాగి మోగించే జముకు వాయిద్యంతో జముకుల కథ చెప్పించేవారు. కథ జరిగే చోటు ఆమె ఊడ్చేది. నీళ్ళు చల్లేది. పేడతో అలికేది. ఊడ్చి, చల్లి, అలికినందుకు ఆమెకొక హక్కు: ముందు వరసలో, జముకు పక్కనే కూర్చోడం. కథ చివర అమ్మోరిని సాగనంపే పాట వస్తుంది. ఆ పాటకి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఏడాదికి ఆ ఒక్కసారే. మిగతా రోజుల్లో ఆమెకి ఏడవడానికి తీరిక ఉండేది కాదు.

అదే పల్లెలో తవిటయ్య అని ఒకడు. వాడు పట్నం పోయి మైకు సెట్టు తెచ్చాడు. ఒక పెట్టె, ఒక మైకు, ఉమ్మెత్త పువ్వుల్లాంటి రెండు గొట్టాలు. ఆనాటి నుంచి గొట్టాల తవిటయ్య అయిపోయాడు. నడక మారింది. హల్లో అనకుండా అన్నం కూడా ముట్టేవాడు కాదు.

మైకు వచ్చాక ముందు వరసలోకి పెద్దల కుర్చీలు వచ్చాయి. కుర్చీలు వచ్చాక సన్నాసమ్మ వెనక్కి పోయింది. వెనక్కంటే చిట్టచివరికి, విప్పిన ఎడ్లబండ్ల పక్కకి.

"ఇక్కడికి ఇనబడతాదా బావూ?" అని అడిగింది.

"మైకుంది కదేటి!" అన్నాడు తవిటయ్య.

పొద్దు వాలింది. జముకు మోగింది. కథకురాలు పైడమ్మ గొంతెత్తింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళకి బాగా వినపడాలని తవిటయ్య రెండు గొట్టాలూ పైడమ్మ వెనకే కట్టాడు. గొట్టాల మూతి ఎదురుగా మైకు. గొట్టం పలికిందల్లా మైకే మళ్ళీ మింగింది. కూఁ అని ఒకటే కూత. తన మాట తానే విని మురిసేవాడు ఎవడైనా చివరికి అలాగే కూస్తాడు, చెప్పేవాడికి అనుభవమే. కూత పడలేక తవిటయ్య మర తిప్పి శబ్దం తగ్గించాడు. కుర్చీలకి వినపడింది. బండ్ల దగ్గర ఎడ్ల మెడగంటలే వినపడ్డాయి.

సన్నాసమ్మ లేచి వచ్చింది. "బావూ, ఎనకాల ఇనబడ్నేదు."

"మైకుంది కదేటి! పోయి కూకో."

వెళ్ళింది. కూర్చుంది. మళ్ళీ వచ్చింది. "బావూ, ఎనకాల ఇనబడ్నేదు."

"మైకుంది కదేటి! నీ చెవులకే చెముడొచ్చింది."

కుర్చీలు నవ్వాయి. ఆమె వెళ్ళి కూర్చుంది. ఇక సాగనంపే పాట రాబోతోంది. సరిగ్గా అప్పుడే మైకు మళ్ళీ కూసింది. తవిటయ్యకి ఒళ్ళు మండింది. పెంకి పిల్లాణ్ణి గోడకేసి తిప్పినట్టు, గొట్టాల్ని ముందుకు లాక్కెళ్ళి మూతులు బండ్ల వైపు తిప్పేశాడు. మైకు వాటి వెనక్కి వచ్చింది. కూత ఠక్కున ఆగింది. కూత నిజంగా పోయిందో లేదో చూద్దామని మైకు చేత్తో పట్టుకుని, శబ్దం పెరిగేలా మర మొత్తం తిప్పాడు.

అప్పుడే సన్నాసమ్మ పక్కకొచ్చి నిలబడింది. "బావూ, పాటొచ్చేస్తంది. ఎనకాల..."

"నువ్వింటే ఏటి, ఇనకపోతే ఏటి ముసల్దానా! కథ నీ కోసం కట్టించేరేటి?"

మైకు చేతిలో ఉంది. నోటి దగ్గర ఉంది.

ఆ సాయంత్రం మొత్తంలో కూత లేకుండా, గరగర లేకుండా, మంచినీళ్ళలా వెళ్ళిన మాట అదొక్కటే. కుర్చీలకి వినపడింది. జనానికి వినపడింది. కొండకి తగిలి ఇంకోసారి వినపడింది. ఎడ్లు తలలెత్తాయి.

సన్నాసమ్మ చివరికంటా, తాను కూర్చునే చోటు దాకా చూసింది. నెమ్మదిగా అంది. "ఇప్పుడు ఇనబడింది బావూ."

పాట కోసం ఆగలేదు. ఇంటికి వెళ్ళిపోయింది.

తవిటయ్యని ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి పిల్లలు కొబ్బరిచిప్ప నోటి దగ్గర పెట్టుకుని "నువ్వింటే ఏటి, ఇనకపోతే ఏటి" అని ఆడుకున్నారు. వాడు సందు మార్చి నడిచాడు. సందు సందులోనూ కొబ్బరిచిప్పే.

తప్పయిందని చెప్పడానికి నూతి దాకా వెళ్ళాడు. సన్నాసమ్మ నీళ్ళు తోడుతోంది. "అప్పా" అన్నాడు. "దాహం" అన్నాడు. ఆమె దోసిట్లో నీళ్ళు పోసింది. తాగి వచ్చేశాడు.

ఇంకోసారి అరుగు దాకా వెళ్ళాడు. "కూకో బావూ" అంది. కూర్చుని వాన గురించి మాట్లాడాడు. వచ్చేశాడు.

మూడోసారి మాట ఖాయం చేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. గుమ్మంలో పాడె కడుతున్నారు.

ఊరందరికీ వినపడేలా అనడానికి వాడికి ఒక్క ఊపిరి చాలింది. ఒక్క మనిషికి వినపడేలా అనడానికి మైకు కూడా పనికిరాలేదు.

మళ్ళీ పండగొచ్చింది. నేల ఊడ్చేవాళ్ళు లేరు. తవిటయ్యే ఊడ్చాడు. నీళ్ళు చల్లాడు. పేడతో అలికాడు. వంకర టింకరగా అలికాడని ఆడవాళ్ళు నవ్వారు. నవ్వనిచ్చాడు.

గొట్టాల్ని ముందుకి కట్టి, మైకు వెనక పెట్టాడు. "పైడమ్మప్పా, సాగనంపే పాట ముందు పాడు" అన్నాడు.

"అది ఆఖర్న కదా నాయనా?"

"ఈసారికి ముందు పాడప్పా."

ఆమె పాడింది. వాడు కుర్చీలు దాటి, జనం దాటి, బండ్ల పక్కకి వెళ్ళి సన్నాసమ్మ చోట కూర్చున్నాడు. పాట వచ్చింది. మాట మాటా వచ్చింది. జముకు తీగ మూలుగు కూడా వచ్చింది. కొంగు లేదు గనక తువాలు నోట్లో కుక్కుకున్నాడు. పాట అయ్యాక, వినేవాళ్ళు లేని గాలిలోకి అడిగాడు. "సన్నాసప్పా, ఇనబడిందా?"

ఎవరు పలుకుతారు?

ఇప్పటికీ ఆ కొండ కింద పల్లెల్లో మైకువాళ్ళు హల్లో అనరు. పొద్దున నేల అలికేది కూడా మైకువాడే. సాయంత్రం ఎవరో ఒకరు చిట్టచివరికి వెళ్ళి కూర్చుంటారు. మైకువాడు "సన్నాసప్పా, ఇనబడిందా?" అని అడుగుతాడు. "ఇనబడింది బావూ" అని అక్కణ్ణుంచి కేక వచ్చేదాకా కథ మొదలవదు. కుర్చీల్లో ఎంతటివాళ్ళున్నా సరే, ఆగాల్సిందే.

ఆ కేక వినగానే మైకువాడు ఒక్క క్షణం తల దించుకుంటాడు. ఎందుకని అడిగితే, మా తాత దించుకునేవాడు అంటాడు. వాడికి తెలీదు. మీకు తెలుసు.