ఉప్పు జాడీ పక్కన పీట

మా హైమావతి గారి గదిలో ఎప్పుడూ ఒక పీట అదనంగా ఉండేది. అమలాపురంలో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని, మనసు బాగోలేదని వచ్చేవాళ్లతో ఆవిడ మాట్లాడుతూ ఉండేవారు. మందులు రాసే డాక్టరు కారు. మానసిక చికిత్స అంటే మాటలతో చేసే వైద్యమే ఆవిడ పని. వచ్చినవాళ్లకి కుర్చీ చూపించాక, కాస్త ఎడంగా ఉన్న ఆ పీట కూడా చూపించి, "మీ వెంట వచ్చిందాన్ని కూడా కూర్చోమనండి" అనేవారు. మొదటిసారి విన్నవాళ్లు తెల్లబోయేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన మేమిద్దరమూ అలాగే తెల్లబోయాం.

నాతోపాటు చేరిన శ్రీకర్ పుస్తకాలు నమిలి మింగిన రకం. ఏ మాటనీ ఊరికే పోనివ్వడు. ఒకరోజు అడగనే అడిగాడు.

"అమ్మా, వచ్చినవాళ్ల కథని వాళ్లచేతే ఇంకోలా చెప్పిస్తాం. బానే ఉంది. కానీ జరిగింది జరిగిపోయింది కదా! కథ మార్చి చెప్పుకుంటే అది తమని తాము మోసం చేసుకోవడం కాదూ?"

ఆవిడ వాదన పెట్టుకునే మనిషి కాదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "సాయంత్రం ఒకాయన వస్తున్నారు. నువ్వూ కూర్చో" అన్నారు.

వచ్చినాయన పెళ్లిళ్లకీ ఒడుగులకీ వంట చేసే మనిషి. భార్య సుభద్రమ్మ దాదాపు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. పేరు అడిగితే తల వంచుకుని, "రెండుప్పుల కామేశం అంటారండీ" అన్నాడు. శ్రీకర్‌కి నవ్వొచ్చింది గానీ పెదవి కొరుక్కుని ఆపుకున్నాడు.

ఆ పేరు వెనక సంగతి సుభద్రమ్మే చెప్పింది. మడి వంటలో దేవుడికి నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడరు. అంచేత ఉప్పు జాడీ పెద్ద వంటవాడు తప్ప ఇంకెవరూ ముట్టుకోరు, ఆ చెయ్యి ఒక్కటే ఉండాలి. ఒక షష్టిపూర్తిలో కామేశం పప్పులో ఉప్పు వేసిన మరుక్షణం ఎవరో బంధువు పంక్తుల విషయమై గొడవకి వచ్చాడు. అతనికి సర్దిచెప్పి వచ్చి, వెయ్యలేదనుకుని మళ్లీ వేశాడు. నైవేద్యమూ అయింది, వడ్డనా అయింది. మొదటి ముద్దకే పంక్తంతా మొహాలు చిట్లించుకుంది. ఇంటాయన అందరి ముందూ ఆ పేరు పెట్టాడు, అది ఇంటిపేరు కన్నా గట్టిగా అంటుకుపోయింది.

"దేవుడికి కూడా అదే పెట్టానండీ" అన్నాడు కామేశం. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు విన్నాక శ్రీకర్ పెదవుల మీద నవ్వు పోయింది.

అప్పట్నుంచి జాడీ మూత తీస్తే చెయ్యి ఆగిపోతోందట. ఒప్పుకున్న పనులు వదిలేశాడు. ఇంట్లో మాట తగ్గించేశాడు. "ఇప్పుడు గుండిగలూ గంగాళాలూ ఎవరికో ఇచ్చేస్తానంటున్నారమ్మా" అంది సుభద్రమ్మ. "అవి గడప దాటాయంటే ఈ మనిషి మళ్లీ లేవడు, నాకు తెలుసు. ఫాల్గుణంలో మా మరిది కొడుక్కి ఒడుగు. అన్నయ్య వండకపోతే ఇంటిదగ్గర చెయ్యం, అన్నవరంలో చేసేసుకుంటాం అంటున్నాడు మా మరిది. ఈయనేమో ఉలకరు, పలకరు."

హైమావతి గారు ఆయన వైపు తిరిగారు. "రెండుప్పులన్నది ఊరు పెట్టిన పేరు. మీ అమ్మగారు ఏమని పిలిచేవారు?"

"కామూ అనేదండీ."

"సరే, కామేశం గారూ. మీ వెంట వచ్చిందాన్ని ఆ పీట మీద కూర్చోమనండి."

ఆయన పీట వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. వైద్యం కోసం వస్తే వైద్యురాలికే మతి చెడినట్టుందే అన్న చూపు అది. అయినా ఆవిడ పెద్దమనిషి కదా, కాదనలేక చెయ్యి చాపి పీట చూపించాడు. ఆ తర్వాత మాటలు ఆ పీట గురించే సాగాయి. అది ఎప్పుడు వస్తుంది? జాడీ మూత తియ్యగానే వస్తుందండీ. ఏమంటుంది? 'వేశావా, వెయ్యలేదా' అంటుందండీ, అదొక్కటే అంటుంది. అది మీకు ఏమేం లేకుండా చేసింది? ఈ ప్రశ్నకి ఆయన చాలాసేపు చెబుతూనే ఉన్నాడు. అంతవరకూ తన చేతిని తిట్టుకున్న మనిషి, మొదటిసారి ఆ పీట మీదున్నదాన్ని తిట్టాడు. నాకు లోపల సంతోషం వేసింది.

"అది రావలసిన చోట రాని రోజు ఏదైనా ఉందా?" అని అడిగారావిడ.

"లేదండీ" అన్నాడు కామేశం వెంటనే.

సుభద్రమ్మ ఊరుకోలేదు. "ఎందుకు లేదూ? ఆ షష్టిపూర్తి అయ్యాకేగా, మొన్న శ్రావణంలో గోదారి పొంగి లంకల వాళ్లందర్నీ బడిలో పెట్టినప్పుడో? పులగం ఎవరు వండారు?"

"అదేదో సాయానికి వెళ్లానే."

"ఉప్పెవరు వేశారు?" అన్నారు హైమావతి గారు.

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. కింద వీధిలో అరటిగెలల బండి వెళ్తున్న చప్పుడు వినిపించింది. "నేనే వేశానండీ" అన్నాడు చివరికి, ఎవరో పరాయివాడి సంగతి చెబుతున్నట్టు.

"అప్పుడు ఇదెక్కడుంది?"

"ఏమోనండీ. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. దాని మాట నాకు వినపడలేదు."

"ఆ రోజు మీరు అలా ఉప్పు వేశారని వింటే ఏమాత్రం ఆశ్చర్యపోనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నారావిడ.

ఆ మాటకి కామేశం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మా అమ్మ ఉంటే ఆశ్చర్యపోయేది కాదండీ" అన్నాడు. చివరి రోజుల్లో ఆవిడకి చూపు పోయిందట. పొయ్యి దగ్గర కూర్చుని, ఉడుకుతున్న పప్పు వాసన పట్టి, 'కామూ, ఇప్పుడు వెయ్యరా ఉప్పు' అనేదట. వాసన పట్టడం ఆయనకి నేర్పింది ఆవిడే. హైమావతి గారు ఆ తల్లి గురించి అడిగీ అడిగీ చెప్పించుకున్నారు. ఆయన చెబుతూ ఉంటే నడుము నిటారుగా అవుతూ వచ్చింది.

ఆ తర్వాత మరికొన్ని సార్లు వచ్చాడు. ఒకసారి ఆవిడ కబురు పంపితే, ఆ పులగం తిన్న లంక మనిషి మంగాయమ్మ కూడా వచ్చింది. ఆయన ఎదుటే చెప్పింది. "మా అత్త రెండ్రోజుల్నించి పచ్చి మంచినీళ్లు ముట్టలేదండి. ఆ పులగం ఓ ముద్ద తిని, 'కొంప మునిగినా నోటికి రుచి తెలుత్తందే' అందండి. అప్పుడేడిసింది. అందాకా ఏడవలేదు. బాబుగారూ, ఆ రోజు మీరు పెట్టింది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటామండి." కామేశం ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తిన్నవాళ్లు దణ్ణం పెట్టాలి గానీ పెట్టినవాళ్లా అని ఆవిడ గాభరా పడిపోయింది. గుండిగలు గడప దాటలేదు.

శ్రీకర్ మాత్రం మెత్తబడలేదు. "బడిలో పులగం సంగతి వేరమ్మా. మడి పప్పు దగ్గర తేలుతుంది" అన్నాడు. ఆవిడ నవ్వి కాఫీ గ్లాసు అందుకున్నారు.

ఫాల్గుణంలో ఒడుగుకి మాకూ పిలుపొచ్చింది. పెరట్లో గాడిపొయ్యి మీద గుండిగలు కుతకుతలాడుతున్నాయి. కామేశం తడిబట్టతో, చెమటతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉప్పు జాడీ పక్కన ఒక పీట వేసి ఉంది. ఖాళీగా ఉంది. మడి కదా, దూరంగానే నిలబడి శ్రీకర్ అడిగాడు, "బాబాయి గారూ, అది వచ్చిందాండీ?"

"రాకేం నాయనా! పిలవకుండానే వచ్చింది. వచ్చినదాన్ని పొమ్మనడం ఎందుకని కూర్చోమన్నాను." నుదురు తుడుచుకుని, "జాడీ మాత్రం దాని చేతికివ్వలేదు" అన్నాడు.

నైవేద్యం అయింది. విస్తళ్లు వేశారు. మా వైపు అలవాటు ప్రకారం ఆకు మూల చిటికెడు ఉప్పు ముందే పెట్టారు. కామేశమే స్వయంగా పప్పు గోకర్ణం పట్టుకుని వడ్డనకి వచ్చాడు. ఎదుటి పంక్తిలో ఒక పెద్దాయన మీసం దువ్వుకుంటూ, "ఏవయ్యా రెండుప్పులూ! ఇవాళ ఎన్ని?" అన్నాడు. వసారాలో నిలబడ్డ సుభద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామేశం ఆగాడు.

"ఆ రోజు రెండండీ, బాబాయి గారూ. ఇవాళ ఒకటే" అన్నాడు నవ్వుతూ. "చాలకపోతే ఆకులో ఉంది, కలుపుకోండి." అని ఆయన ఆకులో నిండుగా పప్పు వడ్డించి ముందుకి కదిలాడు.

పెద్దాయన కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి మారు అడిగాడు. వసారాలో సుభద్రమ్మ లేదు, లోపలికి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు. ఆ పూట అక్కడ ఆ అన్నం తింటూ నేను నా గురువుకి మనసులో ఎన్ని నమస్కారాలు పెట్టుకున్నానో చెప్పలేను. ఒక మనిషిని బాగు చెయ్యడం అంటే ఏమిటో ఆవిడ నాకు చూపించారు. ఈ పని చేసుకుని బతుకుతున్న ఇన్నేళ్లలో ఆ పూటకి నేను రుణపడని రోజు లేదు.

మారు పప్పు కూడా అయ్యాక శ్రీకర్, పక్కనున్న హైమావతి గారి వైపు వంగి మెల్లిగా అడిగాడు. "అమ్మా, మరి ఆ షష్టిపూర్తినాటి పప్పు? అదీ నిజమేగా?"

"నిజమే. ఆ రోజు రెండని ఆయనే చెప్పాడుగా" అన్నారావిడ. తన ముద్ద పూర్తి చేసి, అతని విస్తరి వైపు చూశారు.

"నీ ఆకు మూల ఉప్పు అలాగే ఉండిపోయింది, చూసుకున్నావా?"